రాత్రి అప్పజెప్పిన పాఠం పొద్దునకి ఎందుకు గుర్తుండటం లేదు?

రాజోలు దగ్గర నుంచి రాసిన అమ్మగారికి,

మీ ప్రశ్న ఇదీ. బాబు అయిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం ప్రైవేటు స్కూలు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ట్యూషన్, భోజనం అయ్యాక ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా మీరు దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తున్నారు. పడుకునే ముందు గడగడా అప్పజెప్పేస్తాడు, మర్నాడు స్లిప్ టెస్టులో ఇరవైకి ఆరో ఏడో వస్తున్నాయి. డైరీలో "డల్" అని రాసి పంపారు. మీరు టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివారు, వాళ్ళ నాన్నగారు కువైట్‌లో ఉంటారు, ఇంట్లో మీ అత్తగారు ఉన్నారు. ట్యూషన్ మార్చాలా, జ్ఞాపకశక్తి టానిక్ ఏదైనా పట్టించాలా, లేక బంధువులు అంటున్నట్టు ఆరో తరగతి నుంచి భీమవరంలో హాస్టల్లో వేసేయాలా అని అడిగారు.

కోనసీమ లంక గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పిన అనుభవంతో చెబుతున్నాను. వాడి జ్ఞాపకశక్తిలో లోపం ఉన్నట్టు నాకు ఎక్కడా కనిపించడం లేదండీ. "మా పుట్టింటికి వెళ్తే మాత్రం వాళ్ళ తాతయ్య రొయ్యల చెరువు సంగతులన్నీ తెలుసు, ఏ కౌంట్‌కి ఎంత రేటో నెల కిందటిది కూడా చెబుతాడు, చదువే ఎక్కదు" అని మీరే కోపంగా రాశారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. ఆ వాక్యం దగ్గరే నాకు మీ సమస్య అర్థమైంది.

ఆ రేట్లు వాడికి ఎవరూ కూర్చోబెట్టి చదివించలేదు. గట్టు మీద పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాడు, ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పాడు, రెండు రోజులాగి తాతయ్యకి ఫోన్ చేసి అడిగాడు, రేటు మారితే పాతది గుర్తు తెచ్చుకుని ఎంత తగ్గిందో చూసుకున్నాడు. విన్నదాన్ని మధ్యమధ్యలో రోజులు వదిలి, మళ్ళీ మళ్ళీ తలలోంచి బయటికి తీశాడు. పాఠం దగ్గర జరిగేది వేరు. పుస్తకం చూస్తూ పదిసార్లు చదువుతాడు, ఆ వెంటనే మూసి ఒక్కసారి అప్పజెప్పి పడుకుంటాడు. చదివిన అయిదు నిమిషాలకి అప్పజెప్పేవి ఇంకా నోట్లో ఆడుతున్న మాటలే. వచ్చేసిందని మీకూ అనిపిస్తుంది, వాడికీ అనిపిస్తుంది. పొద్దున్నే పరీక్షలో, కొత్త మాటల్లో ప్రశ్న అడిగేసరికి ఏమీ దొరకదు.

ఇది నా ఒక్కరి అభిప్రాయం కాదు. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. మరుపులో ఎక్కువ భాగం మొదటి రోజులోనే జరిగిపోతుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేలింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం లేకుండా గుర్తున్నది కాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదివిన జట్టుదే పైచేయి, 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకి 71. వారం తర్వాత చూస్తే తారుమారు, చదివినవాళ్ళకి 40, గుర్తుచేసుకుని రాసినవాళ్ళకి 61. తర్వాత మామూలు తరగతి గదుల్లో స్కూలు పిల్లలతో చేసి చూసినప్పుడు కూడా గుర్తు తెచ్చుకునే పద్ధతికే మేలు కనిపించింది.

ఆ మొదటి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అయిదు నిమిషాల తర్వాత 83. రాత్రి తొమ్మిదిన్నరకి మీకు కనిపిస్తున్నది అదే. అందుకే ఎక్కువ చదివిస్తే ఎక్కువ వస్తుందనిపిస్తుంది, అందుకే ట్యూషన్‌లోనూ అదే, ఇంట్లోనూ అదే నడుస్తోంది.

కాబట్టి చదివించడం తగ్గించి అడగడం పెంచండి. గంటన్నర అక్కర్లేదు, ముప్పై నలభై నిమిషాలు చాలు. పాఠం ఒకసారి నెమ్మదిగా చదవనివ్వండి, పుస్తకం మూయించి మీ చేతిలోకి తీసుకోండి. ఓ పావుగంట వేరే పని చెప్పండి, స్నానమో, కంచాలు తీయడమో, అరటి గెలకి పొగ పెడుతుంటే నాయనమ్మ దగ్గర కూర్చోవడమో. ఆ తర్వాత అడగండి. తెలుగులోనే అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి. మీకు ఇంగ్లీష్ రాదన్న భయం ఇక్కడ అక్కర్లేదు.

ఎలా ఉంటుందో చూపిస్తాను. సైన్స్‌లో నీరు ఆవిరయ్యే పాఠం అనుకుందాం. "ఈవేళ ఏం చెప్పార్రా?" అంటే "ఎవాపరేషన్" అంటాడు. "అంటే?" అంటే వెంటనే "ఎవాపరేషన్ ఈజ్ ద ప్రాసెస్ బై విచ్…" అని మొదలెట్టి మధ్యలో ఆగిపోతాడు. అక్కడ మీరు అందించకండి. "సరే, ఆ వాక్యం వదిలెయ్. మనూళ్ళో రోడ్డు మీద వడ్లు ఎందుకు ఆరబోస్తారు?" అనండి. తేమ పోవడానికి అంటాడు. ఆ తేమ ఎక్కడికి పోయింది? నేలలోకి ఇంకిందా? టార్పాలిన్ మీద పోసినా ఎందుకు ఆరుతున్నాయి? మబ్బు పట్టిన రోజు ఎందుకు ఆరవు, గాలి తోలితే ఎందుకు తొందరగా ఆరుతాయి? తడి వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే మిషన్ పెట్టి చూసి, తేమ 17 శాతం దాటితే ఎందుకు పేచీ పెడతారు? మొదటి ప్రశ్నకి తెల్లమొహం వేసినవాడు నాలుగో ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేస్తాడు, అది నేను క్లాసులో ఎన్నోసార్లు చూశాను. ఎండ, గాలి, పలచగా పరవడం, ఈ మూడూ వాడి నోటితో వాడే చెప్పాక, అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఇంగ్లీష్ వాక్యం చూపించండి. ఈసారి ఆ వాక్యంలో వాడికి తెలిసిన సంగతి ఉంటుంది. ఎవాపరేషన్, మాయిశ్చర్ లాంటి రెండు మూడు ఇంగ్లీష్ మాటలు స్పెల్లింగుతో రాయించండి, చాలు.

వాడు తడబడుతున్నంతసేపూ మీ ప్రాణం కొట్టుకుంటుంది, "ఇదికూడా రాదా" అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ పాట్లే పాఠాన్ని లోపల నిలబెడుతున్నాయి. బొత్తిగా రాకపోతే ఒక చిన్న ఆధారం ఇవ్వండి, అప్పటికీ రాకపోతే పుస్తకం తెరిచి చూసుకోనివ్వండి, తప్పు చెబితే ఆ పూటే సరిచేయండి, లేకపోతే తప్పే స్థిరపడుతుంది.

మర్నాడు కొత్త పాఠానికి ముందు నిన్నటిది రెండు ప్రశ్నలు. మూడు రోజులాగి ఇంకో ప్రశ్న. ఆదివారం పొద్దున్న ఆ వారం మొత్తంలోంచి ఎక్కడిదక్కడ అడగండి. క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో పాఠం పేరు రాసిపెట్టుకుంటే ఎప్పుడు ఏది అడగాలో మీకు తెలిసిపోతుంది.

వాళ్ళ నాన్నగారు రోజూ వీడియో కాల్ చేస్తారని రాశారు కదా. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ ఆరు, డ్యూటీ నుంచి వచ్చే వేళ. ఆయన "మార్కులు ఎన్నొచ్చాయి, బాగా చదువుతున్నావా" అని అడగడం మానేసి, "ఈవేళ స్కూల్లో ఏం చెప్పారో నాకు చెప్పు నాన్నా" అని అడిగి చివరిదాకా వింటే మీరు ట్యూషన్‌కి కడుతున్న డబ్బుకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది, నేను ఊరికే అనడం లేదు. మార్కులు అడిగితే పిల్లాడు ఫోన్ దగ్గరికి రావడం తగ్గిస్తాడు. గల్ఫ్‌కి వెళ్ళిన తల్లిదండ్రుల పిల్లలు మా ప్రాంతంలో ప్రతి తరగతిలోనూ ఉంటారు. అమ్మ అక్కడ, పిల్లలు అమ్మమ్మ దగ్గర, అలాంటి ఇళ్ళు ఎన్నో. కాల్‌లో నిదానంగా కబుర్లు చెప్పించుకునే తల్లి ఉన్న పిల్లకీ, "ఫస్టా సెకండా" అని మాత్రమే అడిగే తల్లి ఉన్న పిల్లకీ తేడా క్లాసులో నోరు విప్పే తీరులోనే కనిపించేది.

మీ అత్తగారికి చదువు రాదని రాశారు. మంచిదే. మీకు తెలిసిన పాఠమని వాడికి తెలుసు కాబట్టి మీకు చెప్పేటప్పుడు సగం మింగేస్తాడు. ఆవిడకి నిజంగానే తెలియదు, "అదేంట్రా, నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అంటే వాడు విడమరిచి చెప్పి తీరాలి. భోజనం పెడుతూ అడగమనండి.

ఒక హెచ్చరిక. మొదటి పది పదిహేను రోజులు వెనక్కి పోతున్నట్టే కనిపిస్తుంది. గడగడా చెప్పడం ఉండదు, నట్టుకుంటూ నాలుగు ముక్కలు చెబుతాడు. ట్యూషన్ వాళ్ళు ఏమంటారో, చుట్టాలు ఏమంటారో అని మీకు భయమేస్తుంది. పైన చెప్పిన ప్రయోగంలో కూడా అయిదు నిమిషాల లెక్కలో వెనకబడింది ఆ రెండో జట్టే. ఒక నెల ఆగి చూడండి.

ఇక లెక్కలు. వాడికి "భిన్నాలు అస్సలు రావు" అన్నారు. రొయ్యల కౌంట్ తెలిసినవాడికి భిన్నాలు రావంటే నేను ఒప్పుకోను. నాలుగు, అయిదు తరగతుల్లో పిల్లలు చాలామంది 1/4 కంటే 1/8 పెద్దదంటారు, ఎందుకంటే 4 కంటే 8 పెద్దది. మీవాణ్ణి 30 కౌంట్ రొయ్య పెద్దదా, 100 కౌంట్ రొయ్య పెద్దదా అని అడగండి. నవ్వుతాడు. కిలోకి ముప్పై తూగితే పెద్దవి, వంద తూగితే చిన్నవి, అందుకే 30 కౌంట్‌కి రేటెక్కువ. ఎందుకు? ఒకే కిలోని ఎక్కువ మందికి పంచితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. 50 కౌంట్ అయితే ఒక్కో రొయ్య 1000/50, అంటే 20 గ్రాములు, 100 కౌంట్ అయితే 10 గ్రాములు. ఇదంతా వాడి చేతే చెప్పించి, అప్పుడు 1/4, 1/8 పక్కపక్కన రాయండి. నాయనమ్మకి పావు, అరపావు తెలుసు, ఆవిడనీ కూర్చోబెట్టండి.

దశాంశాలకి గోదావరి ఉంది. ఆగస్టులో వరదొస్తే బడులకి సెలవిస్తారు, పిల్లలు టీవీ ముందే ఉంటారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీటిమట్టం 12.35 నుంచి 12.4 అయింది, పెరిగినట్టా తగ్గినట్టా అని అడగండి. తగ్గిందనే పిల్లలు చాలామంది ఉంటారు, 35 కంటే 4 చిన్నదని. ఆ తప్పు చాలా విలువైనది, చుక్క తర్వాత అంకెల్ని వాడు ఎలా చూస్తున్నాడో అందులో తెలిసిపోతుంది. "తప్పు" అని కొట్టేయకుండా 12.40 అని పక్కన సున్నా పెట్టించి మళ్ళీ చూడమనండి. రెండో హెచ్చరికకి ఇంకా ఎంత పెరగాలి? 1.35 అడుగులు. వరద భయం ఉన్న ఊళ్ళో పిల్లలకి ఈ లెక్క ఎందుకు చేస్తున్నామో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

ఎక్కాలు వరసగా రాగంతో చెప్పించడం మంచిదే కానీ అక్కడితో ఆపకండి. ఏడో ఎక్కం మొత్తం వచ్చిన పిల్లాణ్ణి "ఏడెనిమిదులు?" అంటే ఏడు ఒకట్ల ఏడు దగ్గర్నుంచి మొదలెడతాడు. కలిపి కలిపి, వరస తప్పించి అడగండి. లెక్కలు కూడా ఒకే రకం పదీ చేయించకుండా రెండు కూడికలు, ఒక భాగహారం, ఒక భిన్నం అలా కలగలిపి ఇవ్వండి. ఏ లెక్కకి ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడం పరీక్షలో వాడే చేయాలి, అది ఇంట్లో అలవాటు కావాలి.

ఇది చదువుతున్న టీచర్లకి కూడా రెండు మాటలు. "డల్" అని డైరీలో రాయడం ఎవరికీ ఏ పనికీ రాదు. ఏ పాఠంలో ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాడో ఒక్క ముక్క రాస్తే తల్లి ఏదో ఒకటి చేయగలదు. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం, నలుగురిలో మొద్దు అని పేరుపెట్టేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. "తెలివైనవాడు" అన్న ముద్ర కూడా మంచిది కాదు. 1998లో ముల్లర్, డ్వెక్ అనే పరిశోధకులు అయిదో తరగతి పిల్లలతోనే చేసి చూశారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత కష్టమైన పజిల్స్‌లో ఓడిపోగానే తొందరగా డీలాపడ్డారు, కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు పట్టుదలగా ఇంకా ప్రయత్నించారు.

క్లాసు మొదలుపెట్టగానే మొదటి అయిదు నిమిషాలు పోయిన వారం పాఠంలోంచి రెండు ప్రశ్నలు అడిగి, అందరిచేతా పలక మీద రాయించి ఒక్కసారే పైకెత్తమనండి. చేతులెత్తినవాళ్ళనే అడిగితే ఎప్పుడూ ఆ ముందు బెంచీ నలుగురే చెబుతారు, వెనక ముప్పైమందికి ఏం వచ్చో మనకి తెలియదు. దీనికి మార్కులు వేయకండి. ప్రశ్న అడిగాక ఆగండి కూడా. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసులు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా ఉండేవాళ్ళు కూడా నోరు తెరిచారు. మన దగ్గర సిలబస్ తొందరలో ఆ ఒక్క సెకను కూడా దొరకడం కష్టం, బోర్డు మీద నోట్సు ఎక్కించి పీరియడ్ అంతా కాపీ చేయించడంలోనే గడిచిపోతుంది. ఆ నోట్సు సగానికి తగ్గిస్తే ఈ పనులన్నిటికీ టైము దొరుకుతుంది.

మళ్ళీ అమ్మగారి ప్రశ్నకి. టానిక్ వద్దు. ఆ డబ్బుతో కళ్ళు చూపించండి, బోర్డు కనిపించక వెనకబడి, అది చెప్పుకోవడం తెలియని పిల్లలు ఎందరో. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి. రక్తం తక్కువగా ఉన్న పిల్లాడు మధ్యాహ్నం క్లాసులో తూలుతుంటే మనం శ్రద్ధ లేదంటాం. ఇక నిద్ర. ఈ వయసుకి కనీసం తొమ్మిది గంటలు కావాలి. పొద్దున్నే స్కూలు బస్సు పట్టుకోవాల్సినవాడు రాత్రి తొమ్మిది దాటకుండా పడుకోవాలి. చదివింది లోపల కుదురుకునేది ఆ నిద్రలోనే. ట్యూషన్ గంటకి తగ్గించమని అడగండి, వీలుకాదంటే మాన్పించండి. ఆ టైములో కాసేపు ఆడుకోనివ్వండి.

హాస్టల్ మాట తేల్చేముందు ఒక పని చేయాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం. మీవాడికి నిజంగా చదవడం వచ్చో రాదో చూడండి. 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వేలో ఊరూరా తిరిగి పిల్లల చేత అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ చదివిస్తారు. అయిదో తరగతికి వచ్చినా రెండో తరగతి కథ చదవలేని పిల్లలు దేశమంతటా పెద్ద సంఖ్యలో ఉన్నారని ప్రతిసారీ తేలుతూనే ఉంది. మీరూ ఇంట్లో అదే చేయండి. వాడు ఎప్పుడూ చూడని కాగితం కావాలి. చదివిన పాఠమైతే కళ్ళు అక్షరాల మీద ఉన్నా నోరు బట్టీపట్టింది చెప్పేస్తుంది. పేపర్లో పిల్లల పేజీలోంచి ఒక తెలుగు పేరా, రెండో మూడో తరగతి స్థాయి ఇంగ్లీష్ పేరా ఒకటి ఇచ్చి పైకి చదవమనండి. పక్కన కూర్చుని ఆగినచోటల్లా పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టండి. చదివాక కాగితం తీసుకుని కథేంటో అడగండి.

తెలుగే కూడబలుక్కుని చదువుతుంటే, ముఖ్యంగా ఒత్తుల దగ్గర, మిగతా సబ్జెక్టులన్నీ పక్కనపెట్టి ముందు అది సరిచేయాలి. అక్షరం అక్షరం కూడగట్టుకునేసరికే వాడి శక్తి అయిపోతుంది, అర్థం పట్టుకోవడానికి ఏమీ మిగలదు. రోజూ పదిహేను నిమిషాలు, మీరొక వాక్యం, వాడొక వాక్యం, ఒకే పేరా మూడు రోజులు. తెలుగు బాగానే చదివి ఇంగ్లీష్ దగ్గరే ఆగుతుంటే, మీ వీధిలో ప్రభుత్వ బడికి వెళ్ళే పిల్లల దగ్గర పాఠ్యపుస్తకం అడిగి తెచ్చుకోండి. ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురుపేజీలో అదే తెలుగు ఉంటుంది, టెన్త్ తెలుగు మీడియంలో చదివిన మీకు అంతకంటే మంచి సాధనం దొరకదు. ముందు తెలుగు పేజీ చదివి కబుర్లు చెప్పుకోండి, తర్వాత ఇంగ్లీష్ పేజీ. మాతృభాషలో అర్థం చేసుకుంటే ఇంగ్లీష్ పోతుందన్న భయం వద్దు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంది.

ఈ చదవడం కుదరకుండా హాస్టల్‌కి పంపితే అక్కడ రాత్రి పది దాకా స్టడీ అవర్‌లో అర్థంకాని పేజీల ముందు కూర్చుంటాడు, అడిగేవాళ్ళు ఉండరు. అందుకని ఈ ఏడాదికి వద్దనే నా మాట. ఇంగ్లీష్ చదివించడం మాత్రం అయిదో తరగతి పుస్తకంతో మొదలుపెట్టకండి, మూడో తరగతిదాంతో మొదలుపెట్టి, అది నట్టుకోకుండా చదివాక నాలుగోదానికి రండి.